సమస్యతో మొదలయ్యే పాఠం – 3వ భాగం: కారే కుళాయి

గత భాగంలో సమస్యాధారిత బోధనకు, అంటే ముందు సమస్య ఇచ్చి దాని ద్వారా పాఠం నేర్పడానికి, అనువైన అధ్యాయాన్ని ఎంచుకున్నాం. ఇప్పుడు దానికి సమస్యను రాయడం, తరగతిలోని డిజిటల్ ప్యానెల్‌ను ఎప్పుడు ఆన్ చేయాలో తేల్చుకోవడం నేర్చుకుందాం.

1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం, వైద్య విద్యార్థులకు ముందుగా రోగి సమస్యను ఇచ్చి, దానికి కావలసిన శాస్త్రాన్ని వారే వెతుక్కునే కొత్త పాఠ్యక్రమాన్ని మొదలుపెట్టింది. మన పాఠ్యపుస్తకాల్లో అధ్యాయం చివర వచ్చే లెక్కలు ఈ కోవలోకి రావు. ఏ సూత్రం వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తుంది.

ఎనిమిదో తరగతి అనులోమానుపాతాన్ని (ఒకటి పెరిగితే మరొకటి అదే నిష్పత్తిలో పెరగడం) తీసుకోండి. బడిలో కారే కుళాయి వల్ల రోజుకు ఎన్ని నీళ్లు పోతున్నాయని నేను మొదటిసారి అడిగినప్పుడు, సెకనుకు ఒక చుక్క పడుతుందని, 20 చుక్కలు ఒక మిల్లీలీటరని కూడా రాసి ఇచ్చాను. పది నిమిషాల్లో అన్ని నోటుపుస్తకాల్లోనూ 4.32 లీటర్లు అని జవాబు వచ్చింది గానీ, ఒక్కరూ కుళాయి దగ్గరికి వెళ్లలేదు. తప్పు నాదే.

మరుసటి ఏడాది ఆ రెండు అంకెలూ తీసేసి, వాషర్ మార్చమని ప్రధానోపాధ్యాయులకు ఉత్తరం రాయాలనీ, అందులో వేసే అంకెను వాళ్లే తేవాలనీ చెప్పాను. ఒక జట్టు చుక్కలు లెక్కపెట్టింది, మరొకటి దగ్గుమందు సీసా మూతతో నీళ్లు కొలిచింది. ఉదయం ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు చకచకా రాలిన చుక్కలు భోజనాల తర్వాత మందగించడంతో రెండు జట్ల అంకెలూ కుదరలేదు. అనుపాతం ఎక్కడ చెల్లదో పిల్లలు వాదించుకున్నది అప్పుడే. ఆ వాదన కోసం ఒక పీరియడ్ పోయినా నష్టం లేదు.

ప్యానెల్ అంతవరకూ ఆపే ఉంచాలి. ముందే వీడియో వేస్తే పిల్లలు చూస్తారు, ఊహించరు. ప్రతి జట్టూ తన అంచనాను నల్లబల్ల మీద రాశాకే స్ప్రెడ్‌షీట్ తెరిచి, కాలం ఒక నిలువు వరుసలో, నీటి పరిమాణం ఇంకో వరుసలో వాళ్ల చేతనే నింపించి, గ్రాఫు గీయించండి. గీత ఎక్కడ వంగిందో వేలు పెట్టి చూపించేది కూడా వాళ్లే. కరెంటు లేకపోతే గ్రాఫు కాగితం చాలు.

అభ్యాసం: మీ పుస్తకంలోని ఒక లెక్కను తీసుకుని, అందులో పిల్లలు స్వయంగా కొలవగలిగిన అంకెలన్నీ కొట్టేయండి. ఏమీ మిగలకపోయినా కంగారుపడకండి. ఆ జవాబు ఎవరికి అవసరమో ఒక వాక్యంలో రాసి, కాగితాన్ని దగ్గర ఉంచుకోండి; జట్టు పనికి మార్కులు వేయడం గురించిన 4వ భాగాన్ని దానితోనే మొదలుపెడతాం.