గొంతు సంగతి తర్వాత, ముందు పాట నోటికి రావాలి

తిరుపతిలో మా మిద్దె మీద నెలకోసారి జానపద పాటలు పాడుకుంటాం. ఎవరైనా రావచ్చు, తలా రెండు పాటలు. సంగీతం నేర్చుకుని ఉండాలనే నియమం లేదు. కానీ, "సరదాగా పాడేవాళ్లమే కదా, ఎలా పాడితే ఏం" అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. వినేవాళ్లు పనులు మానుకుని వచ్చి కూర్చుంటారు. వాళ్ల కోసమైనా సిద్ధపడి రావాలి.

పాట నోటికి రావాలి. ఫోన్ చూస్తూ పాడితే తల వంగుతుంది, గొంతు నొక్కుకుపోతుంది, వంత పాడేవాళ్లకు మీ ముఖం కనిపించదు. జానపదంలో వరస ఒకటే, చరణాలు ఎక్కువ. అందుకే అవి ముందువెనకలవుతాయి. ఎవరు వచ్చారు, ఏమడిగారు, ఏం బదులొచ్చింది అని ముందు కథలా చెప్పుకోండి. గిన్నెలు తోముతూ పాడినా ఎక్కడా తెగలేదంటే పాట వచ్చినట్టే. ఎనిమిది చరణాల్లో ఐదే వస్తే ఆ ఐదే పాడండి.

ఎక్కువమంది ఇబ్బంది పడేది శ్రుతి దగ్గర, అంటే పాట ఏ స్థాయిలో ఎత్తుకోవాలన్న దగ్గర. పల్లవి కింద హాయిగా ఎత్తుకుంటారు, చరణం పైకి పోయేసరికి గొంతు చీలుతుంది. కాబట్టి పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే చోటు ఇంట్లోనే వెతికి, ముందు అది పాడి చూడండి. అది తేలిగ్గా పలికే శ్రుతే మీ శ్రుతి. శ్రుతిని హార్మోనియం మెట్ల లెక్కలో అంకెలతో చెప్తారు: మగవాళ్లకు ఒకటో ఒకటిన్నరో, ఆడవాళ్లకు ఐదో ఐదున్నరో సరిపోతుందంటారు. అక్కడ మొదలుపెట్టి మీకు కుదిరేదాకా జరుపుకోండి. యూట్యూబ్‌లో పాడినవాళ్ల శ్రుతి మీకెందుకు? తంబురా యాప్‌లో తేల్చుకుని, ఆ అంకె చీటీ మీద రాసి హార్మోనియం వాయించే అన్నకు ఇవ్వండి.

డప్పు ఉంటే పల్లవి ఒకసారి ఒంటరిగా పాడి, చేత్తో తాళం చూపించండి. ఆ నడక పట్టుకున్నాక డప్పు అందుకుంటుంది. డప్పు చల్లబడితే నాదం మెత్తబడుతుంది, మంట దగ్గర కాచుకోవాలి. డప్పు వాయించే ఆయన కాచుకునేదాకా ఆగండి, తొందరపెట్టొద్దు. హుషారులో వేగం పెరిగిపోతుంటే సిర్ర (డప్పు కొట్టే కర్ర) పట్టిన చేతి వైపు చూడండి, అదుపు దొరుకుతుంది.

మాట మరిచిపోతే ఆగి సారీ చెప్పొద్దు. పల్లవి ఎత్తుకోండి, వంతవాళ్లు అందుకుంటారు, ఈలోగా చరణం గుర్తొస్తుంది. మైకు నోటికి బెత్తెడు దూరంలో చాలు.

పాట ఎవరి దగ్గర విన్నారో, ఏ పని చేస్తూ పాడేవాళ్లో రెండు మాటల్లో చెప్పండి. దంపుళ్ల పాటే కదా, సాధన ఎందుకు అనుకోవద్దు. సువ్వి, జాజర, గొబ్బి, ఏల లాంటి జనం బాణీల్లో 15వ శతాబ్దంలోనే అన్నమయ్య సంకీర్తనలు కట్టాడు. ఇంకొకటి. గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టడం ఆచారం, అక్కడ అది మొక్కు. ఆ మాటల్ని విడిగా తెచ్చి నవ్వించడానికి వాడితే నాకు కష్టంగా ఉంటుంది. అలాంటివి మా దగ్గర వద్దు.

మీ రెండు పాటలు అయిపోగానే చెప్పులేసుకుని వెళ్లిపోకండి, మిగతావాళ్లవీ వినండి. ఈ నెల సాధన కుదరలేదా? అయినా రండి, వంత పాడండి. మీ పాట వచ్చే నెల విందాం.