ఊరి చివర నిలబడ్డ వీరగల్లును చదవడం ఎలా?

వరంగల్, జనగామ, ములుగు వైపు ఊళ్లలో చెరువు కట్ట మీదో, పాత గుడి వెనకో సగం భూమిలో కూరుకుపోయిన రాతిపలకలు కనిపిస్తాయి. వాటి మీద కత్తి పట్టిన మనిషి ఉంటాడు. ఒక ఊళ్లో హనుమంతుడని సిందూరం పూస్తే, ఇంకో ఊళ్లో పోతరాజని కొబ్బరికాయ కొడతారు. వాటిలో చాలావరకు వీరగల్లులే, అంటే పోరులో పడిపోయినవాడి గుర్తుగా నిలిపిన రాళ్లు. అక్షరాలున్నవి తక్కువ, అందుకే బొమ్మలనే చదువుకోవాలి.

ముందు వేళ చూసుకోండి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనబడదు. పొద్దున్నే గానీ, పొద్దువాలే ముందు గానీ ఎండ ఏటవాలుగా పడితే అరిగిపోయిన గీతలూ తేలతాయి. చెట్టు నీడలో ఉంటే ఫోన్ టార్చిని పక్కనుంచి రాతికి దాదాపు ఆనించి పట్టండి. మసకగా ఉంటే మామూలు నీళ్లు చల్లితే చాలు. సుద్దతో గీయడం, నూనె రాయడం, ఇనుప బ్రష్షుతో తోమడం వద్దు. సిందూరం పూసి ఉంటే దాని జోలికి పోకండి, అది ఊరివాళ్ల దేవుడు.

తర్వాత హనుమంతుడా, వీరుడా తేల్చుకోవాలి. తోక, గద ఉంటే హనుమంతుడే. తోక లేక, తల పక్కకు ముడిచిన సిగ, నడుముకు బాకు, చేతిలో కత్తీ డాలూ ఉంటే వీరుడు.

ఇక చదవడం కింది నుంచి పైకి. పలకను రెండు మూడు అరలుగా విడదీసి ఉంటే, అడుగు అరలో చావు కథ ఉంటుంది. ఆవులుంటే పశువుల మందను కాపాడబోయి పోయాడని, పులో పందో ఉంటే వేటలో పోయాడని, గుర్రమెక్కి ఉంటే రౌతని అర్థం చేసుకోవచ్చు. నడిమి అరలో అప్సరసలు అతణ్ని చెరోపక్క పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై అరలో అతను లింగం ముందు చేతులు జోడించి కూర్చుంటాడు, పక్కన నంది. ఇది వీరస్వర్గం. అయితే మన దగ్గర ఒకే బొమ్మతో ముగించిన రాళ్లూ బోలెడు. అలాంటప్పుడు ఆయుధమే ఆధారం.

అన్నిటికన్నా పైన సూర్యచంద్రులు. ఆచంద్రార్కం, అంటే ఆ రెండూ ఉన్నన్నాళ్లూ ఈ కీర్తి నిలవాలని. ఇక్కడే తొందరపడి తప్పు చదువుతుంటారు. కాకతీయుల కాలం నాటి దానశాసనాల మీద కూడా సూర్యచంద్రులు, లింగం, ఆవూదూడా ఉంటాయి. కింద మనిషి లేకుండా వరుసగా అక్షరాలే ఉంటే అది భూమో చెరువో ఇచ్చిన పత్రం, చావు రాయి కాదు.

ఆడమనిషి బొమ్మ ఉంటే చేతిని చూడండి. మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన కుడిచేయి, దానికి గాజులు, కొన్నిచోట్ల వేళ్ల మధ్య నిమ్మకాయ ఉంటే అది సతిగల్లు. భర్తతో చితి ఎక్కిన ఆమెకు పెట్టినది. కొన్ని రాళ్లలో నిలువెత్తు మనిషి ఉండదు, ఒక స్తంభంలోంచి ఆ చెయ్యి మాత్రమే పొడుచుకొస్తుంది. గాజులు చెక్కింది ఆమె ముత్తైదువగా పోయిందని చెప్పడానికే. నాకైతే ఆ చెయ్యి ముందు గొప్పతనం కన్నా భయమే ఎక్కువ కలుగుతుంది.

మరో రకంలో మనిషి తన జుట్టును తానే పట్టుకుని మెడ మీద కత్తి పెట్టుకుంటాడు. అది యుద్ధం కాదు, మొక్కు. దేవుడికి తల ఇచ్చుకున్న భక్తుడి రాయి. ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో మైలారదేవుడి (శివుడి ఒక రూపం) భటులు నిప్పుల గుండంలో దూకడం లాంటి సాహసాలు కనిపిస్తాయి కదా, ఆ వీరభక్తి ఎంత దూరం పోయిందో ఇలాంటి రాళ్లు చూపిస్తాయి.

ములుగు అడవుల వైపు వెళ్తే ఇంకో తికమక. మల్లూరు, కాటాపూర్ ప్రాంతాల్లో రాతి గూళ్ల సమాధుల దగ్గర శిలువలాంటి నిలువు రాళ్లున్నాయి. 19వ శతాబ్దంలో వాటిని చూసిన ముల్హెరాన్ అనే సర్వే అధికారి క్రైస్తవులవే అనుకున్నాడు. తర్వాతి పరిశోధకులు మాత్రం వాటిని బృహత్‌శిలాయుగపు (పెద్ద పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన పురాతన కాలపు) మనిషి ఆకారాలుగా చూశారు. అడ్డంగా చాచినవి చేతులు, పైన మొద్దుగా ఉన్నది తల. కాబట్టి ఆకారాన్ని చూసి మతం తేల్చకండి, చుట్టూ ఏముందో చూడండి.

ఊరి ఖబ్రస్తాన్‌లో కొన్ని పాత గోరీల మీద కలందాను (కలాల పెట్టె) ఆకారపు గట్టు ఉంటే మగవారిది, పలకలా చదునుగా ఉంటే ఆడవారిది అనే ఆనవాయితీ ఉంది. క్రైస్తవ సమాధుల మీద తెరిచిన పుస్తకం బైబిలు, లంగరు ఆశకు గుర్తు. సాయుధ పోరాటపు స్తూపాలకు చుక్క, సుత్తీ కొడవలీ చాలు, చదవడం ఎవరికీ నేర్పనక్కర్లేదు.

ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి, రాయి ఏ దిక్కుకు చూస్తోందో, దగ్గర్లో చెరువో గుడో ఏముందో రాసుకోండి. ఆ ఊరి పెద్దమనుషుల్ని అడిగి రాయికి వాళ్లు పెట్టుకున్న పేరు, ఎప్పుడు మొక్కుతారో కూడా చేర్చండి. రాయి కొత్తగా బయటపడిందయితే కదపకుండా వారసత్వ తెలంగాణ శాఖకు చెప్పండి.