జాబ్ పోయి ఈఎంఐలు మీద పడితే ముందు ఏం చెయ్యాలి

ముందు ఇంట్లో చెప్పేయండి, దాచిపెడితే ఖర్చులు తగ్గవు, పైగా మీరొక్కళ్ళే నలిగిపోతారు. తర్వాత చేతిలో ఉన్న డబ్బులు అద్దె, బియ్యం, కరెంటు, మందులు, పిల్లల ఫీజులకి పక్కన పెట్టి, మిగిలిందే అప్పులకి.

ఈఎంఐ బౌన్స్ అయ్యేదాకా ఆగొద్దు, ముందే బ్యాంకుకి వెళ్ళి జాబ్ పోయిందని రాసిచ్చి, టెన్యూర్ (లోన్ కట్టే గడువు) పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి, ఒప్పుకుంటారని గ్యారెంటీ లేదు కానీ అడగడం మాత్రం మానొద్దు. డబ్బు తప్పనిసరైతే ఎఫ్‌డీ మీద లోనో, బ్యాంకులో గోల్డ్ లోనో చూడండి. క్రెడిట్ కార్డుతో క్యాష్ మాత్రం తియ్యొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది.

లోన్ యాప్‌ల జోలికి అసలు వెళ్ళకండి ప్లీజ్, ఫోన్‌లో కాంటాక్ట్స్ అన్నీ లాగేసి చుట్టాలకి మార్ఫింగ్ ఫోటోలు పంపుతారు, ఆ వేధింపులకి మన దగ్గరే ఎంతమంది ప్రాణాలు తీసుకున్నారో. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8లోపు, సాయంత్రం 7 దాటాక ఫోన్ చెయ్యకూడదని ఆర్‌బీఐ రూలే ఉంది, బెదిరిస్తే బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి.

మనసు మరీ బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కాల్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.