మౌంట్ ఆప్షన్ మార్చినా టెస్టు ఫలితం మారలేదా?

సమస్య: లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లను పరీక్షించే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌ను ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద ఒకసారి మామూలుగా, ఇంకోసారి డేటా=జర్నల్ (డేటాను కూడా ముందు జర్నల్‌లో రాసే మౌంట్ ఆప్షన్)తో నడిపారు. ఫలితాలు అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చాయి.

కారణం: ఈ టెస్టులు రెండు డిస్కులు వాడతాయి: టెస్ట్, స్క్రాచ్. టెస్టుల సెట్టింగుల ఫైలు లోకల్.కాన్ఫిగ్‌లో మౌంట్_ఆప్షన్స్ అని రాసింది స్క్రాచ్‌కే వర్తిస్తుంది. టెస్ట్ డిస్కుకు టెస్ట్_ఎఫ్ఎస్_మౌంట్_ఆప్ట్స్ విడిగా ఇవ్వాలి. పేరు చూస్తే మొదటిదే రెండింటికీ అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను. అప్పటినుంచి, ఆప్షన్ నిజంగా డిస్కు దాకా చేరిందని కళ్లారా చూశాకే పాస్ అన్నమాట నమ్ముతున్నాను.

పరిష్కారం: రెండు చోట్లా రాయండి. టెస్టు నడుస్తుండగానే ఇంకో టెర్మినల్ తెరవండి. /ప్రాక్/మౌంట్స్‌లో ఈఎక్స్‌టీ4 డిఫాల్టు ఆప్షన్లు కనబడవు కాబట్టి అదొక్కటే చాలదు. డిస్కు ఎస్‌డీబీ1 అయితే /ప్రాక్/ఎఫ్ఎస్/ఈఎక్స్‌టీ4/ఎస్‌డీబీ1/ఆప్షన్స్ చూడండి. అందులో అన్నీ ఉంటాయి. నాకు స్క్రాచ్ డిస్కుకు డేటా=జర్నల్ అనీ, టెస్ట్ డిస్కుకు డేటా=ఆర్డర్డ్ (డిఫాల్టు) అనీ కనబడింది అక్కడే. రీమౌంట్‌తో సరిచేద్దామంటే కుదరదు, డేటా మోడ్ మార్పును కెర్నల్ ఒప్పుకోదు. పూర్తిగా అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయాలి.

బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌లోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఒక సబ్‌వాల్యూమ్ (విడిగా మౌంట్ చేయగల లోపలి విభాగం) మౌంటై ఉండగా రెండోదానికి వేరే ఆప్షన్లు ఇస్తే, చాలావాటికి మొదటి మౌంటువే చెల్లుతాయి.

సమస్య: అసలు మౌంటే కావడం లేదు.
డేటా=జర్నల్ పక్కన పాత స్క్రిప్టులోని డెలాలక్ (డిస్కులో చోటు కేటాయింపును వాయిదా వేసే ఆప్షన్) మిగిలిపోయిందేమో చూడండి. ఆ రెండూ కలిపి ఇస్తే ఈఎక్స్‌టీ4 ఒప్పుకోదు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఆ మాట స్పష్టంగానే ఉంటుంది. డెలాలక్ తీసేయండి.

సమస్య: ఫైలు చదివితే యాక్సెస్ టైమ్ (చివరిసారి చదివిన సమయం) మారాలి. మీరు రాసుకున్న టెస్టు మొదటిసారి పాసై, రెండోసారి ఫెయిలవుతోంది.

కారణం: కెర్నల్ 2.6.30 నుంచి రిల్‌ఎటైమ్ అనే మౌంట్ ఆప్షన్ డిఫాల్టు. పాత యాక్సెస్ టైమ్ ఫైలు మార్పు సమయాన్ని దాటకపోతేనో, 24 గంటలు గడిచాకనో మాత్రమే అది కొత్త సమయం రాస్తుంది. కొత్త ఫైలును మొదటిసారి చదివితే సమయం మారుతుంది. వెంటనే మళ్లీ చదివితే మారదు. ఫైల్‌సిస్టమ్ తప్పేమీ లేదు.

పరిష్కారం: ఆ టెస్టుకు, చదివిన ప్రతిసారీ సమయం మార్చే స్ట్రిక్ట్‌ఎటైమ్‌తో మౌంట్ చేయండి. ఆ సమయం అసలు మార్చని నోఎటైమ్‌తో నడిపినప్పుడు ఇలాంటి టెస్టులు కొన్ని నాట్‌రన్ అని పక్కకు పోతాయి. వాటిని పాస్ లెక్కలో కలపకండి. ఎందుకు నడవలేదో రిజల్ట్స్ ఫోల్డర్‌లోని .నాట్‌రన్ ఫైల్లో ఉంటుంది.