విదేశీ వార్త చదివేటప్పుడు చివర ఒక 'అట' తగిలించి చూడండి

మనం కళ్లారా చూస్తే "కొట్టాడు" అంటాం, ఎవరో చెప్తే విన్నదైతే "కొట్టాడట" అంటాం. వీధిలో గొడవకే ఇంత జాగ్రత్త పడే మనం గాజా గురించో ఉక్రెయిన్ గురించో వార్త రాగానే ఆ 'ట' వదిలేసి ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ కొట్టేస్తాం. నేను చేసేది చెప్తా, మీరూ చేసి చూడండి. వార్తలో ప్రతి వాక్యం చివర 'అట' పెట్టి చదవండి, పెట్టగానే "ఎవరన్నారు?" అని మనసులో వస్తుంది కదా, దానికి జవాబు ఆ వార్తలోనే ఉండాలి, లేకపోతే ఆ వాక్యాన్ని ప్రస్తుతానికి నమ్మకండి.

2023 అక్టోబర్ 17 రాత్రి సంగతి తీసుకోండి, గాజా సిటీలో అల్ అహ్లీ ఆస్పత్రి ఆవరణలో పేలుడు జరిగింది. న్యూయార్క్ టైమ్స్ మొదటి హెడ్డింగ్‌లో ఇజ్రాయెల్ దాడి అని ఉంది, కాసేపటికి ఇజ్రాయెల్ పేరు తీసేసి ఉత్త దాడి అన్నారు, ఆ తర్వాత అదీ తీసేసి పేలుడు అన్నారు. మూడింట్లోనూ చివర కామా పెట్టి 'పాలస్తీనియన్లు చెప్తున్నారు' అనే ముక్క ఉంది, అంటే 'అట' ఉంది కానీ తోకలో ఉంది, జనం చదివింది ముందు ముక్కే. అక్టోబర్ 23న ఆ పత్రిక ఎడిటర్లే, అప్పుడు గాజాని ఏలుతున్న హమాస్ మాట మీద మరీ ఎక్కువ ఆధారపడ్డామని నోట్ వేశారు. గాజా ఆరోగ్య శాఖ 471 మంది చనిపోయారంది, అమెరికా నిఘా వర్గాల అంచనా 100 నుంచి 300. అది ఇస్లామిక్ జిహాద్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ రాకెట్ గురి తప్పి పడిందని ఇజ్రాయెల్ అంది, నవంబర్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ కూడా ఆధారాలు అటువైపే ఉన్నాయంటూనే పూర్తి దర్యాప్తు జరగాలంది. ఈ ఒక్కటి పట్టుకుని గాజాలో చావులన్నీ కట్టుకథలే అనేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఒక రాత్రి సంగతి ఒక రాత్రికే. పైగా యుద్ధం మొదలయ్యాక బయటి దేశాల విలేకరుల్ని సొంతంగా గాజాలో తిరగడానికి ఇజ్రాయెల్ రానివ్వలేదు, కాబట్టి రిపోర్టర్ ఎక్కడ నిలబడి చెప్తున్నాడో, జెరూసలేమా గాజానా, అది తప్పకుండా చూడండి.

ఇప్పుడు మన తెలుగు పేపర్ల దగ్గరికి రండి. విదేశీ వార్తలు అమ్మే ఏజెన్సీల కాపీ ఇంగ్లీషులో వస్తుంది, డెస్క్‌లో దాన్ని తెలుగు చేస్తారు, అసలు మొగ్గు అక్కడే చేరుతుంది. ఒక దేశం 'స్పష్టం చేసింది', ఇంకో దేశం 'ఆరోపించింది', మూడోది 'బుకాయించింది', ముగ్గురూ చేసింది మాట్లాడటమే! 'వెల్లడి' అనగానే నిజం బయటపడినట్టు ఉంటుంది. అన్నిచోట్లా 'అన్నారు' పెట్టి మళ్లీ చదవండి, వార్త ఎంత చప్పబడుతుందో చూడండి. అలాగే ఒకవైపు వాళ్లు 'దారుణ హత్యకు గురై', అవతలివాళ్లు ఉత్తగా 'మృతి', ఎవరి చేతిలో చనిపోయారో ఉండదు. ఆ చంపినవాడి పేరు వాక్యంలో ఉందా లేదా అని వెతకండి.

బ్యాలెన్స్ అంటే చెరో పేరా ఇవ్వడం అనుకోకండి. ఇరాక్ మీద 2003లో యుద్ధానికి ముందు సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని అమెరికా అధికారులు చెప్పిందే చాలా పత్రికలు రాశాయి, వెతికితే ఆ నిల్వలు దొరకలేదు, 2004 మేలో న్యూయార్క్ టైమ్స్ తన కథనాల్లో కొన్ని తగినంత కఠినంగా పరిశీలించి రాయలేదని ఒప్పుకుంది. అందుకే వార్తలో ఎవరెవరు మాట్లాడారో వేళ్ల మీద లెక్కపెట్టండి, అధికారులు ఎంతమంది, బాంబు పడిన ఊరివాళ్లు ఎంతమంది, కాగితమో ఫొటోనో చూపించింది ఎవరు.

ఇక అసలు రాని వార్త సంగతి. 2023 జూన్ 14న గ్రీస్ దగ్గర వలసవాళ్ల పడవ మునిగింది, అందులో దాదాపు 750 మంది ఉన్నారని అంచనా, బతికింది 104 మంది. నాలుగు రోజుల తర్వాత మునిగిన టైటానిక్ ఓడని చూడ్డానికి వెళ్లిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామిలో ఐదుగురు గల్లంతయ్యారు, ఇక టీవీల్లో రోజుల తరబడి అదే. ఆ ఐదుగురివీ ప్రాణాలే, కానీ ఆ పడవలో వాళ్లలో ఒక్కరి పేరైనా మనకి గుర్తుందా? సుడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది, మీ ఫోన్‌కి దాని నోటిఫికేషన్ ఎప్పుడొచ్చిందో ఒకసారి వెనక్కి స్క్రోల్ చేసి చూడండి, కనపడకపోతే వారానికోసారి మీరే ఆ పేరు కొట్టి వెతకండి.