పాతకాలపు జపాన్ కత్తిని పంపడం, దాచడం ఎలా?

వందల ఏళ్ల నాటి జపాన్ కత్తి విషయంలో సగం జాగ్రత్త, దాన్ని అనవసరంగా ముట్టుకోకపోవడమే. చేతి చెమట తగిలిన చోట తుప్పు మొదలవుతుంది. అది పోవాలంటే సాన పట్టే నిపుణుడి దగ్గరికే వెళ్లాలి. సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది, అది మళ్లీ రాదు.

కత్తి జపాన్‌లోనే ఉంటే ముందు కాగితాల పని. అక్కడ దానికి తొరొకుషో అనే రిజిస్ట్రేషన్ పత్రం ఉంటుంది. దేశం దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల శాఖ ఎగుమతి ధ్రువపత్రం కావాలి. చేరాల్సిన దేశంలో ఆయుధాల చట్టం ఏమంటుందో, కొరియర్ కంపెనీ కత్తులు తీసుకుంటుందో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ప్యాకింగ్‌కు ముందు అలుగును, పిడి లోపలి భాగాన్ని అన్ని వైపులా ఫొటోలు తీయండి, ఇన్సూరెన్స్‌కు అవే ఆధారం. పిడిలోని మెకుగి అనే వెదురు మేకు బిగువుగా ఉందా చూడండి. వదులైతే మార్పించాకే పంపాలి. దారిలో కత్తి ఒరలోంచి జారిందంటే మొన పెట్టెను చీల్చుకుని ఎవరి చేతికైనా దిగొచ్చు. అందుకే ఒరనీ పిడినీ కలిపి గుడ్డతో కట్టి, పైన బబుల్ ర్యాప్ చుట్టి, గట్టి చెక్కపెట్టెలో కదలకుండా సర్దండి. టేపు మాత్రం చెక్క మీద, లక్క మీద నేరుగా అంటించకండి.

పెట్టె వచ్చిన వెంటనే విప్పాలన్న ఆత్రం ఆపుకోండి. చల్లటి చోటు నుంచి వస్తే లోహం మీద తేమ పడుతుంది. ఒక పూట గదిలో ఉంచి, తర్వాత తెరవండి.

దాచడానికి షిరసాయా మంచిది. అది హోనొకి అనే జపాన్ మాగ్నోలియా చెక్కతో చేసే సాదా ఒర. కత్తిని పదును పైకి ఉండేలా అడ్డంగా పడుకోబెట్టండి. ఒరలోంచి తీసేటప్పుడూ పదును పైకే ఉండాలి, బరువు వెనక అంచు మీద జారాలి. తోలు సంచి వద్దు, తేమ పట్టి ఉంచుతుంది. గది మరీ పొడిగా ఉన్నా చెక్క పగులుతుంది.

కొన్ని నెలలకోసారి పాత నూనెను మెత్తటి గుడ్డతో తుడిచి, చోజి నూనె (కత్తులకు రాసే, లవంగం వాసన ఉండే నూనె) పల్చటి పొరగా రాయండి. ఎక్కువైతే ఒరలోకి ఇంకి దుమ్ము పట్టేస్తుంది. పాత నూనె తీయడానికి అద్దే ఉచికో అనే సానరాతి పొడి జోలికి కొత్తవాళ్లు పోకపోవడమే మేలు, అలవాటు లేని చేతిలో గీతలు పడతాయి.

పిడి లోపల దాగే నకాగో మీది నల్లటి తుప్పును మాత్రం గీకనే గీకకండి. కత్తి వయసు, చేసినవాడి సంతకం నిపుణులు అక్కడే చదువుతారు. దాన్ని మెరిపిస్తే కత్తి విలువ చాలావరకు పోయినట్టే.