లోకం అంతమయ్యే రోజుకు ఒక పేజీ

2012 డిసెంబర్ 21, శుక్రవారం నాడు లోకం అంతమైపోతుందని అంతటా పుకారు. ఆ వారంలో ఒక రాత్రి, ఏడేళ్ల మా అమ్మాయి దుప్పట్లోంచి తల బయటపెట్టి, "అమ్మా, శుక్రవారం అందరం చచ్చిపోతామట కదా?" అంది. "పిచ్చి మాటలు, పడుకో" అన్నాను. అది పడుకోలేదు. నాకూ నిద్ర పట్టలేదు. కసిరితే భయం పోదని ఆ రాత్రి తెలిసింది. మర్నాడు ఇద్దరం కలిసి ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాం. ఇప్పటికీ రాస్తున్నాం. మీరూ మొదలుపెట్టండి, ఎలాగో చెబుతాను.

అలాంటి వార్త చెవిన పడగానే కొత్త పేజీ తీయండి. ఏ రోజు, ఏం జరుగుతుందట, ఎవరన్నారు, అదే నిజమైతే ఇప్పటికే ఏం కనబడాలి? ఇంతే రాయండి. చివరి ప్రశ్న దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఒక పెద్ద గ్రహం వచ్చి భూమిని గుద్దుకుంటుందని మా మొదటి పేజీలో ఉంది. నాలుగు రోజుల్లో గుద్దుకునే గ్రహమైతే ఈపాటికి మామూలు కంటికే కనబడాలి. పాపను బయటికి తీసుకెళ్లాను. ఆకాశమంతా వెతికింది, కొత్తదేమీ లేదు. మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా జాతి క్యాలెండర్ ఆ రోజుతో ఆగిపోతుందని కూడా అన్నారు. నిజానికి అందులో ఆ రోజుతో ముగిసేది సుమారు 5,125 ఏళ్ల ఒక లెక్క, మన గోడ మీది క్యాలెండర్ డిసెంబర్ 31తో అయిపోయినట్టే. ఇది చెప్పాక పడుకుంది.

శాస్త్రవేత్తల మాటైతే మొదటి అంకె చూసి బెంబేలుపడకండి. అపోఫిస్ అనే గ్రహశకలాన్ని 2004లో కనుగొన్నారు. 2029లో అది భూమిని తాకే అవకాశం ఒక దశలో 2.7 శాతం దాకా వెళ్లింది. కొద్ది పరిశీలనలతో వేసే దారి ఒక వెడల్పాటి పట్టీలా ఉంటుంది. కొత్త కొలతలతో పట్టీ సన్నబడుతుంటే, భూమి ఇంకా అందులోనే ఉన్నంతసేపు శాతం పెరుగుతుంది. భూమి పట్టీ బయట పడగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఇక్కడా అదే జరిగింది. మరో వందేళ్ల దాకా ప్రమాదం లేదని 2021లో తేల్చారు.

తుపాను హెచ్చరిక వేరు. అది ఎక్కడికి వెళ్లాలో, ఏం సర్దుకోవాలో చెబుతుంది. వెంటనే ఆ పని చేయండి. మిగతా వార్తలు పగలు ఒక్కసారి చూస్తే చాలు, పడుకునే ముందు అసలొద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టర్‌ని కలవండి.

చెప్పిన తేదీ వచ్చిన రాత్రి అదే పేజీ కింద ఆ రోజు మీకు దక్కినవి రాయండి. "జీవితానికి కృతజ్ఞతలు" లాంటి పెద్ద మాటలు వద్దు, అవి నా మనసును తాకలేదు. ఎవరు, ఏం, ఎంతసేపు అని రాయండి. 2012 డిసెంబర్ 21 కింద నా రాతలో ఇలా ఉంది: "పాప ముందుపన్ను ఊడింది. నాన్న ఫోన్ చేసి పావుగంట మాట్లాడారు, రెండుసార్లు నవ్వారు."

నాన్న ఇప్పుడు లేరు. రాసి ఉండకపోతే ఆ రెండు నవ్వులు నాకు గుర్తుండేవి కావు. అందుకే ఆ రాత్రి ఫోన్ చేయాల్సిన వాళ్లెవరైనా ఉంటే, రాయడానికి కూర్చునే ముందే చేసేయండి.

2029 ఏప్రిల్ 13కి పేజీ ఇప్పటికే తీసి పెట్టాం. అదీ శుక్రవారమే. అపోఫిస్ భూమికి దాదాపు 32,000 కిలోమీటర్ల ఎత్తున వెళ్తుంది, కొన్ని దేశాల వాళ్లకు మామూలు కంటికే కనబడుతుంది. మనకు కనబడే చోటికి వెళ్దామని అమ్మాయి పేజీ అంచున పెన్సిల్‌తో రాసింది.